గట్టు మీద అయిదు రోజుల ఊరు



ట్రాక్టర్ ట్రాలీని ఇల్లుగా మార్చడం ఎట్లాగో చూడాలంటే, జాతర ఉన్న ఏడు మాఘమాసంలో నల్లగొండ జిల్లా వేములపల్లి చుట్టుపక్కల గొల్లల ఇళ్ల ముందు ఒక పూట నిలబడితే చాలు. మొదట ట్రాలీని నీళ్లు కొట్టి కడుగుతారు. మొన్నమొన్నటిదాకా మిర్యాలగూడ మిల్లులకు వడ్లు మోసిన డబ్బా అది. మూలల్లో ఇరుక్కున్న గింజలను కోళ్లు ఏరుకుంటుంటే ఆడవాళ్లు చీపురుతో తరుముతుంటారు. అడుగున మందంగా వరిగడ్డి, గడ్డి మీద గోనె సంచులు, వాటి మీద చాప, చాప మీద చద్దర్లు. నాలుగు మూలలా వెదురు బొంగులు నిలబెట్టి, పైన టార్పాలిన్ పట్టా లాగి కడితే కప్పు తయారు. ముందు భాగంలో బియ్యం, పప్పు, కారం, కట్టెల మోపు, గంజులు. వెనక తలుపు దగ్గర పొట్టేలు. పొట్టేలుకు అడ్డంగా ఒక బల్ల. బల్లకు ఇవతల పిల్లలు, ముసలమ్మలు. కుక్కను ఎవరూ ఎక్కించరు. దాని దారిన అది ఎక్కి కూర్చుంటుంది.

ప్రయాణం పెద్దగట్టుకు.

సూర్యాపేట నుంచి విజయవాడ వైపు పోయే జాతీయ రహదారి పక్కన, చివ్వెంల మండలం దురాజ్‌పల్లి దగ్గర ఉన్న రాతిగుట్ట అది. దాని మీద లింగమంతుల స్వామి, ఆయన చెల్లెలు చౌడమ్మ కొలువై ఉన్నారు. రెండేళ్లకొకసారి మాఘమాసంలో ఆదివారం మొదలై గురువారం దాకా అయిదు రోజులు జాతర సాగుతుంది. గొల్లగట్టు జాతర అని కూడా అంటారు. తెలంగాణలో మేడారం తర్వాత అంతటి జాతరగా దీనికి పేరు. 2019లో ఫిబ్రవరి 24న, 2021లో ఫిబ్రవరి 28న, 2023లో ఫిబ్రవరి 5న, 2025లో ఫిబ్రవరి 16న మొదలైంది. తేదీ ఏదైనా వారం మాత్రం ఆదివారమే. నల్లగొండ, ఖమ్మం, వరంగల్ పల్లెల నుంచే కాక కృష్ణ అవతలి జిల్లాల నుంచీ, పొరుగు రాష్ట్రాల నుంచీ లక్షల మంది వస్తారు. మొక్కు తీర్చుకుని అదే రోజు మళ్లిపోయేవాళ్లు కొందరు. గుట్ట మీద, గుట్ట చుట్టూ మకాం వేసి రాత్రుళ్లు గడిపేవాళ్లు కొందరు. ఈ ప్రసంగం ఆ రెండోవాళ్ల గురించి.

కొండ మీద బండి విడిసి, స్నేహితులతో, పెంపుడు జంతువులతో నాలుగు రాత్రులు గడపడం ఈ మధ్య పట్నాల్లో కొత్త సరదా. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు సెలవులకు చక్రాల ఇల్లు అద్దెకు తీసుకుని కొండలెక్కుతాయి. కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ పర్యాటకం మొదలుపెట్టింది. ఇదంతా ధనవంతుల వినోదమని అనుకునేవాళ్లు ఆ చక్రాల ఇంటి పుట్టుక దగ్గరికి వెళితే ఆశ్చర్యపోతారు. అమెరికా పడమటి మైదానాల్లో బండి మీద ఇల్లు కట్టించుకున్నవాళ్లు గొర్ల కాపరులు. వయోమింగ్‌లోని రాలిన్స్ అనే ఊళ్లో జేమ్స్ కాండ్లిష్ అనే కమ్మరి 1884లో అలాంటి బండిని మొదట తయారు చేశాడని చెబుతారు. మీద వంపు తిరిగిన కాన్వాసు గుడ్డ కప్పు, తలుపు పక్కనే ఇనుప పొయ్యి, వెనక అడ్డంగా మంచం, మంచం కింది నుంచి బయటికి లాగే బల్ల. మంచు కురిసే మైదానంలో వేల గొర్ల మధ్య నెలల తరబడి ఒంటరిగా ఉండే మనిషికి అదే వంటిల్లు, అదే పడకగది. తోడుకు కుక్కలు.

ఆ మరుసటి ఏడే, 1885లో, ఇంగ్లండులో విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే విశ్రాంత నౌకాదళ వైద్యుడు కేవలం విహారం కోసం ఇలాంటి బండి చేయించుకున్నాడు. దాని పేరు వాండరర్. రెండు గుర్రాలు లాగే ఆ బండిలో పెద్ద కుక్కనూ, చిలుకనూ వెంటబెట్టుకుని స్కాట్లండు దాకా వెళ్లి పుస్తకం రాశాడు. తర్వాతి తరంలో వాలీ బైయం అనే అమెరికన్ ఎయిర్‌స్ట్రీమ్ పేరుతో అల్యూమినియం ట్రాలీ ఇళ్లు తయారు చేశాడు. 1959లో 41 ట్రాలీల గుంపును కేప్‌టౌన్ నుంచి కైరో వైపు నడిపించాడు కూడా. కాపరికి బతుకుదెరువుగా మొదలైనది డబ్బున్నవాళ్ల సరదాగా మారడానికి మూడు తరాలు పట్టలేదు. వేములపల్లి కాపరి కథ మాత్రం అడ్డం తిరిగింది. ఏడాదంతా బయలులో పడుకునే మనిషికి బండి మీద కప్పు దొరికేది ఆ నాలుగు రాత్రులే.

ఈ జాతర మాఘంలోనే ఎందుకు వస్తుందో దేవుడి లెక్క దేవుడికి ఉంటుంది కానీ, పొలం లెక్క కూడా దానికి చక్కగా సరిపోయింది. వేములపల్లి నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీది ఊరు. లాల్‌బహదూర్ కాలువ అని దానికి పెట్టిన పేరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ప్రాజెక్టు నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. అప్పటిదాకా జొన్న, ఆముదం, కంది పండిన చెలకలు వరి మళ్లయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లుల పొగగొట్టాలు లేచాయి. ఈ మార్పులో రైతుకు దక్కింది అందరూ చెప్పుకున్నారు. గొర్లకాపరికి పోయింది ఎవరూ అంతగా చెప్పుకోలేదు. బీడు ఉంటేనే మేత. రెండు పంటలూ వరే అయితే గొర్రె ఎక్కడ తల వంచాలి?

వానాకాలం వరి కోసిన కొద్ది రోజులు మాత్రం కాపరికి పండుగే. కోసిన మళ్లలో గొర్లు మేస్తాయి. రాత్రికి మందను అక్కడే ఆపితే పెంట, మూత్రం పొలానికి ఎరువు. అందుకు రైతు వడ్లో డబ్బులో ఇస్తాడు. రైతుకూ కాపరికీ మధ్య తాతల నాటి ఒప్పందం ఇది. ఎరువుల బస్తాలు ఎన్ని వచ్చినా పూర్తిగా చెరిగిపోలేదు. సంక్రాంతి నాటికి యాసంగి నాట్లు పడతాయి, మళ్లీ ఊరంతా పచ్చబడుతుంది. గొర్లు కాలువ గట్లకూ గుట్టల అంచులకూ జరగాలి. ఎవరి మళ్లో అయినా ఒక్క పిల్ల మూతి పెట్టిందంటే తగాదా. అప్పుడు మాఘం వస్తుంది. రైతుకు నాట్లయ్యాక కాస్త ఊపిరి, కాపరికి వేసవి వలసకు ముందు కాస్త ఆగుదల. ట్రాక్టర్లు ఖాళీ, ట్రాలీలు ఖాళీ.

ట్రాక్టర్ రాకముందు ఎడ్లబండి. వేములపల్లి నుంచి మూసీ దాటి సూర్యాపేట వైపు, అక్కడి నుంచి దురాజ్‌పల్లి దాకా బండికి పగలంతా నడక. ఈ దారి చిన్నదేమీ కాదు, చరిత్ర ఉన్నది. వేములపల్లి మండలంలోని ఆమనగల్లు ఒకప్పుడు కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల రాజధాని. వాళ్ల రెండో పెద్ద పట్టు సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి. అక్కడి ఎరకేశ్వరాలయం 1208లో వెలిసింది. ఆమనగల్లుకూ పిల్లలమర్రికీ మధ్య రాజుల బళ్లు నడిచిన దిక్కుకే గొల్లల బళ్లూ నడిచాయి. తేడా ఏమిటంటే రాజులు ఇప్పుడు లేరు, బళ్లు మాత్రం ఇంకా పోతున్నాయి. అప్పట్లో ఎడ్ల కొమ్ములకు రంగు, మెడలో గంటలు, బండికి గూడు. దారిలో నీళ్లున్న చోట ఆగి సద్ది తిని, ఎడ్లకు కుడితి తాపి మళ్లీ కదలడం. ఆ ముచ్చట్లు చెప్పే పెద్దవాళ్లు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఊరికి కొందరున్నారు.

ట్రాలీ వచ్చాక వేగం పెరిగింది, దానితో ప్రమాదమూ పెరిగింది. ఇక్కడ నవ్వు ఆపి ఒక మాట చెప్పుకోవాలి. ట్రాలీ సరుకు బండి. మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. 2018 ఏప్రిల్‌లో ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని వద్దిపట్ల దగ్గర కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టర్ కాలువలో పడి తొమ్మిది మంది ఆడవాళ్లు చనిపోయారు. అదే ఏడు జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాలీ బోల్తాపడి పదిహేను మంది పోయారు. రెండుచోట్లా పక్కన కాలువ ఉంది, ట్రాలీ నిండా ఆడవాళ్లు ఉన్నారు. కాలువ మీది ఊళ్లవాళ్లకు ఇది వేరే జిల్లా వార్త కాదు. ఈ రెండు ఘటనల తర్వాత చాలా కుటుంబాలు మనుషులు బస్సులోనో ఆటోలోనో, సామాను, గడ్డి, పొట్టేలు ట్రాలీలో అని విడదీసుకున్నాయి. ట్రాలీ గట్టు దగ్గరికి చేరి నిలబడ్డాకే అది ఇల్లు. నడుస్తున్నంతసేపూ సరుకు బండే అనుకోవడం మేలు.

జాతర మొదట్లో ఈ గట్టు మీద జరగలేదని చెబుతారు. దగ్గర్లోనే, అంతకంటే ఎత్తుగా, దట్టమైన చెట్లతో, పాత కోట గోడలతో ఉండ్రుగొండ గుట్టలున్నాయి. అక్కడి లక్ష్మీనరసింహస్వామి ఆలయం కూడా ప్రసిద్ధమే. లింగమంతుల స్వామి కొలువు పూర్వం ఆ కొండ మీదే ఉండేదట. నిండు గర్భిణి ఒకామె నెత్తిన గంప పెట్టుకుని స్వామికి మొక్కు చెల్లించడానికి ఎక్కుతూ ఆ ఎత్తులో కాలు జారి పడిపోయిందట. ఆ తర్వాత స్వామి, ఇక మీరు ఇంత ఎత్తు ఎక్కక్కర్లేదు, నేనే కిందికి వస్తానని పక్కనున్న పాలశేర్లయ్య గట్టు మీదికి వచ్చాడని కథ. పెద్దగట్టుకు పాత పేరు అది. భక్తుణ్ణి మెట్లెక్కించి పరీక్షించే దేవుళ్ల కథలు మనకు బోలెడున్నాయి. ఎక్కలేకపోతున్నారని తానే దిగివచ్చిన దేవుడి కథ అరుదు. ఆ కథ చలవో ఏమో, ఈ గుట్ట పసిపిల్లల తల్లులూ, ముసలివాళ్లూ, బొజ్జ ఈడ్చుకుంటూ నడిచే గొర్లూ అందరూ ఎక్కగలిగినంత ఎత్తే.

గట్టు దగ్గర జాగా దొరకబుచ్చుకోవడం ఒక విద్య. ఆదివారం పొద్దెక్కకముందే చేరినవాళ్లకు చెట్టు నీడ. మధ్యాహ్నం చేరినవాళ్లకు బండ. సాయంత్రం వచ్చినవాళ్లకు పక్క ట్రాలీ నీడ. ట్రాలీలను ఒకదానికొకటి ఎదురెదురుగా నిలిపి మధ్యలో వాకిలి వదులుతారు. ఆ వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి, పక్కన నీళ్ల డ్రమ్ము, చక్రానికి కట్టేసిన పొట్టేలు. పోయినసారి విడిసిన చోటే ఈసారీ విడవాలని పట్టు పట్టే పెద్దమనుషులు ఉంటారు. ఫలానా బండ పక్కన, ఫలానా వేపచెట్టు కింద అని గుర్తులు చెబుతారు. ఆ జాగాలో ఇంకొక ఊరివాళ్లు అప్పటికే పట్టా కట్టేసి ఉంటే మొదట మాటామాటా పెరుగుతుంది. తర్వాత "ఏ ఊరు బావా మీది?" అనే ప్రశ్న వస్తుంది. ఊరు చెప్పగానే ఇంటిపేరు, ఇంటిపేరు చెప్పగానే ఎవరో ఒక మేనత్త బయటపడుతుంది. ఆపైన జాగా గొడవ ఉండదు. ఒకే పొయ్యి మీద రెండు గంజులు ఎక్కుతాయి.

మాఘంలో ఆ రాతిగుట్ట మీద పగలు గొడుగు కావాలి, రాత్రి గొంగడి కావాలి. ఎండకు కాగిన బండ అర్ధరాత్రి దాకా వెచ్చగానే ఉంటుంది, తెల్లవారుజామున మాత్రం చలి పెడుతుంది. గొంగడి విలువ అప్పుడు తెలుస్తుంది. దక్కనీ జాతి నల్ల గొర్ల ఉన్నిని ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, వడికి, చింతగింజల గంజి పట్టించి కుర్మలు నేసేది అసలు గొంగడి. వానకు తొందరగా తడవదు, ముల్లు దిగదు, పరుచుకుంటే పక్క, కప్పుకుంటే ఇల్లు. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు రకం గొర్రె పెరిగేకొద్దీ గొంగడి తగ్గిపోయింది. ఇప్పుడు చాలామంది కాపరుల భుజాన ఉన్నది మిల్లులో చేసిన దుప్పటి. అయినా జాతరకు మాత్రం తాతగారి గొంగడి పెట్టెలోంచి బయటికి వస్తుంది. స్వామి దగ్గరికి మిల్లు దుప్పటితో పోతే ఆయనేమీ అనడు, పక్క ట్రాలీ వాళ్లు అంటారు.

జాతర పగలూ రాత్రీ ఒక వరసలో నడుస్తుంది. ఆదివారం రాత్రి సూర్యాపేట మండలం కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది. దేవతామూర్తులు ఉండే పెట్టె అది. మెంతబోయిన, మున్న, గొర్ల వంశాలవాళ్లకు ఈ జాతరలో తరతరాల హక్కులున్నాయి. సూర్యాపేట నుంచి మకరతోరణం వస్తుంది. ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని గుడి చుట్టూ తిరుగుతారు. భేరీలు మోగుతుంటాయి. గజ్జెల లాగులు తొడిగిన మగవాళ్లు కటార్లు పట్టి ఎగురుతుంటారు. ప్రతి నోటా "ఓ లింగా, ఓ లింగా". ఈ కేక ఆదివారం రాత్రి మొదలైతే మూడు నాలుగు రోజులు ఆగదు. కొండ మీద ప్రశాంతంగా పడుకుందామని ఎవరైనా వస్తే వాళ్లు వేరే కొండ చూసుకోవాలి. సోమవారం బోనాలు, మొక్కులు. మంగళవారం చంద్రపట్నం. బైకానివాళ్లు రంగురంగుల పొడులతో నేల మీద పట్నం వేసి స్వామి కథ చెబుతారు. బుధవారం నెలవారం అనే తంతు, దేవరపెట్టె కేసారానికి తిరుగుముఖం పడుతుంది. గురువారంతో ముగింపు.

ట్రాలీ వెనక ఎక్కిన పొట్టేలు సంగతి చెప్పకుండా దాటేయడం న్యాయం కాదు. లింగమంతుల స్వామి శివుడి అంశ, మాంసం ముట్టడు. ఆయనకు పరమాన్నం, పాలు. చౌడమ్మకు మాత్రం యాట. ఆ యాట చాలా ఇళ్లలో సంతలో కొన్నది కాదు. పుట్టినప్పుడే చెవికి గుర్తు పెట్టి అమ్మ పేరు మీద విడిచినది. రెండేళ్లు ఇంటి ముందు పెరిగి, పిల్లల చేతిలో రొట్టెముక్క తిని, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పేది. దాన్ని పసుపు కుంకుమలతో అలంకరించి, దండ వేసి, నెత్తిన నీళ్లు చల్లి ఆగుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా ఎవరూ తొందరపెట్టరు. ఆ కాస్తసేపూ పొట్టేలును పెంచిన పిల్ల ట్రాలీ అవతలికి పోయి నిలబడుతుంది. రాత్రికి అదే పొయ్యి మీద కూర, చుట్టాలందరికీ పంపకం. ప్రేమించి పెంచినదాన్నే తినడం పట్నపు చెవికి కఠినంగా వినిపించవచ్చు. గొర్ల మీద బతికే ఇంట్లో ప్రేమకూ కూడుకూ మధ్య గోడ ఎప్పుడూ లేదు. పేరు తెలియని మాంసం పొట్లం కొని తినేవాళ్లు ఈ విషయంలో తీర్పు చెప్పడానికి కొంచెం ఆలోచించాలి.

కుక్క పరిస్థితి వేరు. దానికి జాతర అంటే పూర్తిగా సెలవు. ఏడాదంతా మంద చుట్టూ కాపలా తిరిగి, నక్క వాసనకూ దొంగ అడుగుకూ చెవులు రిక్కించి పడుకునే జంతువు ఇక్కడ ట్రాలీ కింద నీడలో కాళ్లు చాపుకుని నిద్రపోతుంది. మందను ఇంటి దగ్గర తమ్ముడో పాలివాడో చూసుకుంటుంటాడు. ఇంతమంది జనాన్నీ ఇన్ని బొక్కలనూ ఒకేసారి చూసిన కుక్క మొదటిరోజు దేనికి మొరగాలో తెలియక తికమకపడుతుంది. రెండో రోజుకు మొరగడం మానేస్తుంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. పట్నంవాడు కొండ మీదికి పోయేది మనుషులకు దూరంగా ఉండడానికి. ఫోను మోగని చోటు, పక్కింటివాడు కనిపించని చోటు వెతుక్కుంటాడు. కాపరి కొండ మీదికి పోయేది మనుషుల కోసం. అతనికి ఏకాంతం కొరత కాదు. పొద్దున ఎనిమిదికి మందతో బయలుదేరితే పొద్దుగూకేదాకా మాట్లాడేది గొర్లతోనే. వేసవిలో మేత కరవై కృష్ణ ఒడ్డుకో, నల్లమల వైపో, కాలువల కింది జిల్లాలకో మందలు వలస పోతాయి. వారాల తరబడి పరాయి ఊళ్ల పొలాల్లో వల చుట్టి గొర్లను ఆపి, పక్కనే నేల మీద పడక. ఆకాశం, చుక్కలు, నిశ్శబ్దం అన్నీ కావలసినంత. అలాంటి మనిషిని సెలవు పెట్టి ఏం చేస్తావంటే, లక్ష మంది ఉన్నచోట నాలుగు రోజులు ఉంటానంటాడు.

ఆ నాలుగు రోజుల్లో జరిగే పని తక్కువేమీ కాదు. ఏ వైపు వానలు పడ్డాయి, ఏ కాలువ కింద కోతలు ముందు మొదలవుతాయి, ఏ ఊళ్లో మంద ఆపితే ఎంతిస్తున్నారు, ఏ ఊళ్లో మాట తేడా వస్తోంది, అన్నీ పొయ్యిల దగ్గర తేలుతాయి. చిటుకు రోగం ఎక్కడ తగిలింది, నీలి నాలుక ఎక్కడ కనిపించింది, ఏ ఊరి పశువుల డాక్టర్ ఫోన్ చేస్తే వస్తాడు. పొట్టేళ్ల ధర. పిల్లకు సంబంధం. వలసలో తోడు పోయే జట్లు చాలా వరకు ఇలాంటి చోటే కుదురుతాయి. రెండు మూడు ఊళ్ల కాపరులు కలిసి ఒక్క మంద చేసుకుంటే కాపలాకు వంతులు పడవచ్చు, వంటకు ఒకడు మిగులుతాడు. సూర్యాపేట కుర్రాడికీ వేములపల్లి కుర్రాడికీ పరిచయం గట్టు మీద ఒకే గంజులో అన్నం తిన్నప్పుడు మొదలై ఉంటుంది.

మేత కోసం ప్రయాణమే ఈ జనం పురాణం కూడా. కాటమరాజు కథలో జరిగేది అదే. పదమూడో శతాబ్దంలో కరవు వచ్చి కాటమరాజు ఆలమందలను తోలుకుని నెల్లూరు సీమ బీళ్లకు పోయాడు. పుల్లరి కట్టే ఒప్పందం చెడి, నల్లసిద్ధి రాజుతో పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాటి దగ్గర యుద్ధం జరిగింది. గడ్డి మీద పన్ను గురించి జరిగిన యుద్ధం అది. ఏడు వందల ఏళ్లు దాటినా కాపరికి అర్థం కావడానికి టీక అక్కర్లేదు. ఇప్పుడు కత్తులు లేవు గానీ అటవీ బీట్ దగ్గరా, పరాయి ఊరి పొలిమేర దగ్గరా అదే మాట నడుస్తూనే ఉంది.

లెక్కల్లో చూస్తే గొర్రెకు ఇంత వైభవం ఎప్పుడూ లేదు. 2019 పశుగణనలో తెలంగాణలో గొర్లు 1.91 కోట్లు. దేశంలో మొదటి స్థానం. దేశం మొత్తం మీద 7.43 కోట్లు, అంటే నాలుగింట ఒకటి కంటే ఎక్కువ ఇక్కడే. 2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పంపిణీ పథకంలో ఇరవై గొర్లు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. మొదట్లో దాని ధర లక్షా ఇరవై అయిదు వేలు, అందులో 75 శాతం రాయితీ. గొర్లను పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చి ఇచ్చారు. గొర్లు పెరిగాయి. గడ్డి పెరిగిందా అంటే, వేములపల్లి కాలువ గట్టు మీద నిలబడి చుట్టూ చూస్తే వరి తప్ప ఏమీ కనిపించదు. ప్రపంచంలో ఇతర చోట్లా ఇదే చిక్కు ఉంది కాబట్టే ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చికబయళ్ల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఆ ప్రకటన గట్టు మీద మైకులో ఇంకా వినిపించినట్టు లేదు.

మకాం తీరు మాత్రం మారుతోంది. ట్రాలీల మధ్య కార్లు పెరిగాయి. చదువుకుని హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు సోమవారం మధ్యాహ్నం కారులో దిగి, బోనం ఎక్కించి, యాట కూర తిని, చీకటి పడకముందే వెళ్లిపోతాడు. రాత్రి ఉండమని అమ్మ అడుగుతుంది, మర్నాడు ఆఫీసుందని వాడంటాడు. కొందరు కొడుకులు ఆన్‌లైన్‌లో కొన్న గుడారం తెచ్చి, కాగితం చూస్తూ బిగిస్తుంటే తాతలు చుట్టూ నిలబడి సలహాలిస్తారు. బండ మీద గుడారం మేకు దిగదు. చివరికి గుడారం తాడును ట్రాలీ చక్రానికే కట్టాలి. ఎల్‌ఈడీ దీపాలు, ఛార్జింగ్ కోసం ట్రాక్టర్ బ్యాటరీ, పాటల పెట్టె, ఇవన్నీ వచ్చాయి. కట్టెల పొయ్యి స్థానంలో చిన్న గ్యాస్ సిలిండర్ కూడా అక్కడక్కడ కనిపిస్తుంది. టార్పాలిన్ కింద, వరిగడ్డి పక్కన గ్యాస్ పెట్టడం మంచిది కాదని మాత్రం ఎవరైనా గట్టిగా చెప్పాలి.

వేములపల్లివాళ్లకు ఇంకొక గట్టు కూడా ఉంది. నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు, జడల రామలింగేశ్వర స్వామి కొలువు. అమావాస్య రాత్రి అక్కడ గుట్ట మీద నిద్ర చేస్తే మంచిదని నమ్మకం. అది ఒక్క రాత్రి మొక్కు, ఇంటిల్లిపాదీ సంచీ సర్దుకుని బస్సెక్కే మొక్కు. కుక్కా పొట్టేలూ గంజులూ అన్నీ కదలాలంటే పెద్దగట్టే.

వచ్చే జాతర 2027 మాఘంలో. పోదామనుకునే శ్రోతలు సోమవారం రద్దీ తప్పించుకుని మంగళవారం చేరితే చంద్రపట్నం దగ్గర నిలబడే చోటు దొరకవచ్చు. బస్సులు సూర్యాపేట నుంచి ఉంటాయి. పోలేనివాళ్లకూ ఆ రోజుల్లో జాతర తెలుస్తూనే ఉంటుంది. ఇటీవలి జాతరల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బళ్లను పోలీసులు నార్కట్‌పల్లి దగ్గరే మళ్లించి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపుతున్నారు. ఆ దారి వేములపల్లి నడిబొడ్డున పోతుంది. ఎప్పుడూ ఈ ఊరి పేరు వినని ఏసీ బస్సులు వరసగా వచ్చి టీ కొట్ల ముందు ఆగుతాయి. నిద్ర కళ్లతో దిగిన ప్రయాణికులు ఇదేం ఊరని అడుగుతారు, ఎందుకిటు తిప్పారని అడుగుతారు, జాతర సంగతి విని గొర్లకు ఇంత పండుగా అని నోరు తెరుస్తారు. జవాబు చెప్పీ చెప్పీ, టీ పోసీ పోసీ, ఆ కొట్లవాళ్లలో చాలామందికి గట్టు ఎక్కే తీరిక మళ్లీ రెండేళ్లకు వాయిదా పడుతుంది.